నాయనకు చెవినైన రోజులు

మదురైలో ఏ బట్టల కొట్టుకు వెళ్ళినా, కొట్టతను కొత్త నూలు చీర మడత విప్పి నా ముందు పరవగానే ముందు గంజి వాసన, దాని అడుగున సన్నగా మరనూనె వాసన ముక్కుకు తగులుతాయి, ఆ మరుక్షణం నా చెవులు రెండూ గింగురుమంటాయి. కొట్లో అంత చప్పుడేమీ ఉండదు. అయినా అతను చెప్పేది వినడం మానేసి అతని పెదవుల వంక చూస్తాను. నాకు చెవుడేమోనని పక్కనున్న ఆడవాళ్ళు జాలిగా చూస్తారు. చూడనీ. అరుప్పుకోట్టైలో మా వీధిలో పుట్టినవాళ్ళకు ముక్కూ చెవీ నాలుకా ఒకదాని పనిలో ఒకటి వేలుపెట్టడం కొత్త కాదు.

మా ఇంటి వెనక గోడకు ఆనుకునే పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. ఎనిమిది మగ్గాలు, అన్నీ వేరే ఆసామివి. వాటిలో నాలుగింటిని మా నాయన చూసుకునేవాడు. తెల్లారి మగ్గాలు మొదలయ్యాయంటే గోడ మీది దేవుడి పటాలు వణికేవి, బిందెలో నీళ్ళు వణికేవి, చిత్తిరై నెల ఎండలో అవ్వ వాకిట్లో పెట్టిన వడియాలు కూడా చాప మీద కొంచెం కొంచెం జరిగేవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం అనే లెక్క మగ్గాలు ఆగినప్పుడే పనికొచ్చేది. అవి ఆడుతున్నంతసేపూ వీధి మొత్తం ఏ భాషైనా పెదవులతోనే మాట్లాడేది. నోరు పెద్దగా తెరిచి, మాటని సాగదీసి, కనుబొమలు కూడా కలిపి మాట్లాడేవాళ్ళం. పొరుగూరి చుట్టాలు చూసి మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు.

ఆ చప్పుడులో ఉప్పు కూడా సరిగ్గా తెలిసేది కాదు. నమ్మండి, నమ్మకపోండి, మగ్గాలు ఆడుతుండగా రుచి చూసి దించిన పులుసు, కరెంటు పోయి షెడ్డు ఆగిన నిమిషంలో నోట్లో పెట్టుకోలేనంత ఉప్పయ్యేది. అదే గిన్నె, అదే పులుసు. అమ్మ కొత్త కోడలుగా వచ్చి ఏడాదంతా ఈ తప్పే చేసిందట. అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, అది ఎన్నేళ్ళయినా వదల్లేదు: "తరి ఆడేటప్పుడు ఉప్పు సూడొద్దంటే ఇంటివా? నాలిక్కి తెలీదే ఎర్రిదానా!" తరి అంటే మగ్గం. అందుకని గరిటెడు పులుసు చిన్న గిన్నెలో పోసి నా చేతికిచ్చేవాళ్ళు, నేను చప్పుడు అందని వీధి చివరి టైలరమ్మ ఇంటికి పరుగెత్తేదాన్ని, ఆమె రుచి చూసి సరేనంటేనే మా ఇంట్లో వడ్డన. ఆవిడ మా వీధిలో సగం ఇళ్ళకు నాలుక.

నేను భయపడింది మాత్రం నాడెకు. మగ్గంలో దారం మోస్తూ అటూ ఇటూ పరుగులు తీసే ఆ కొయ్యముక్కకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి; దారం ఎక్కడైనా చిక్కుకుంటే అది మగ్గంలోంచి ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. అలా కన్ను పోయినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ తీసుకెళ్ళేటప్పుడు నాకు రెండు ఆజ్ఞలు: మగ్గం పక్కన నిలబడకూడదు, నాయనను వెనక నుంచి ముట్టుకోకూడదు. ఆయన చెప్పుల్లేకుండా పనిచేసేవాడు. నాలుగు మగ్గాల్లో ఏది లయ తప్పినా అరికాలికి ముందు తెలుస్తుందనేవాడు. గోడ వెంబడి నడిచి, ఆయన కళ్ళకు ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆయన నవ్వేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, పంగుణి నెలలో అమ్మవారి పొంగలికి షెడ్డు మూడు రోజులు మూసేశారు. ఆ మూడు రోజులూ మా వీధికి కొత్త చెవులొచ్చినట్టుండేది. కాకులు అరిచేవి, అవ్వ గాజులు మోగేవి, వామనగుంటల పీటలో చింతపిక్కలు రాలే చప్పుడు కూడా ఎంత తియ్యగా ఉండేదో. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన పిండిదీపాలు, నెయ్యి ఓడుతున్న పొంగలి, వేపాకు తోరణాల చేదు వాసన, అన్నీ ఒక్కసారి మీద పడేవి. నాయన వాకిట్లో నాకు వీపు పెట్టి తోరణం కడుతున్నాడు. "నాయనా" అన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను, గట్టిగా పిలిచాను. ఆయన పురికొస ముడి వేస్తూనే ఉన్నాడు. లోపల అమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండ మీద పడింది. దానికి మాత్రం చటుక్కున తిరిగాడు. తిరిగి ముందు చూసింది తన కాళ్ళ వంక.

ఎందుకు చేశానో తెలియదు, ఎదురుగా వెళ్ళి గొంతులోంచి చిన్న శబ్దమైనా రానీయకుండా, ఉత్త పెదవులు మాత్రం ఆడిస్తూ, పొంగలి తింటావా నాయనా అన్నాను.

"రొంత పెట్టు పాపా" అన్నాడాయన.

ఆయన నా ముఖం చూశాడు, నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. పక్కకు లాక్కెళ్ళి, "అమ్మతో సెప్పొద్దు. తెలిస్తే నన్ను పనికి పోనియ్యదు" అన్నాడు. "నాకు బయమైతా ఉండాది" అన్నాను. "బయమేమిటికి? నీ మూతి నా కండ్లకు కనపడతా ఉండాది గదా."

పెదవులు సరే, వెనక నుంచి వచ్చే లారీకి పెదవులుంటాయా? ఆ ఆలోచన వచ్చిన రోజు నుంచి నేను ఆయన్ను ఒంటరిగా రోడ్డెక్కనివ్వలేదు. పేచీలు పెట్టాను, ఏడ్చాను, తండ్రికూచినని అవ్వ చేత తిట్లు తిన్నాను, కానీ విరుదునగర్‌కు వెళ్ళినా, కోవిల్‌పట్టిలో పిన్ని ఇంటికి వెళ్ళినా ఆయన వేలు నా గుప్పిట్లోనే. బండి వస్తే గట్టిగా నొక్కేదాన్ని, పోయాక వదిలేదాన్ని. ఇద్దరమూ ఆ సంగతి ఒక్కనాడూ పైకి అనుకోలేదు. విరుదునగర్ బజారులో ఎండుమిరపకాయల బస్తాల ఘాటుకు పెద్దవాళ్ళు కూడా తుమ్ముతారు, నూనె పరోటాల వాసనకు పిల్లలు కాళ్ళు కదపరు అని నా స్నేహితులంతా చెప్పేవాళ్ళు. ఎన్నోసార్లు ఆ బజారు మధ్యలోంచే నడిచాను. నాకు ఒక్క వాసన కూడా గుర్తులేదు. హారన్లు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటీ వేరువేరుగా గుర్తున్నాయి. బడిలో ఉన్నా బయట బండి కూత వినపడితే నా బలపం ఆగిపోయేది, పంతులమ్మ చెప్పే లెక్క గాల్లో కలిసిపోయేది.

ఒక ఆదివారం పొద్దున కోవిల్‌పట్టి బస్టాండులో దిగాం. చల్లని నీళ్ళ ముంతలు, మల్లెపూల బుట్టలు, బస్సుల పొగ. నాయన నాకు వేరుశనగ మిఠాయి కొనిచ్చాడు, ఆ ఊరి మిఠాయికి ఉన్న పేరు మీకు తెలిసే ఉంటుంది. నెలల తర్వాత నా నాలుకకు రుచి తెలిసిన రోజు అదే అనుకుంటాను. బెల్లంపాకం గాజులా గట్టిగా ఉంది. పెద్ద ముక్క దవడకు తోసి కొరికాను. పటపటమని ఆ చప్పుడు నా తలంతా నిండిపోయింది, ఆ తీపికి కళ్ళు మూతపడ్డాయి, గుప్పిట వదులైంది.

కళ్ళు తెరిచేసరికి నాయన నా పక్కన లేడు. నాలుగడుగుల అవతల, వెనక్కి వస్తున్న బస్సుకు వీపు పెట్టి నడుస్తున్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి, నేల ఆయనకు ఏమీ చెప్పలేదు. నేను అరిచాను. అరవడం ఎంత తెలివితక్కువ పనో అరుస్తూనే తెలిసింది. పూలమ్మే ఒకామె లేచి ఆయన చొక్కా పట్టి లాగింది. నాయన బోర్లా పడ్డాడు, ఆయన చేతిసంచి మీదుగా చక్రం వెళ్ళింది. "చెవులు వినపడవా?" అని డ్రైవరు తమిళంలో, అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ అనే మాటే అన్నాడు. మోకాళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే నాయన అతని వంక చూసి నవ్వి, సరి సరి అని తలూపాడు.

నోట్లోని మిఠాయి ఉమ్మేశాను. ఆ నవ్వు చూసి నాకు కలిగిన భయం బస్సును చూసి కూడా కలగలేదు. పిన్ని ఇంటికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాం.

ఇంటికి రాగానే అమ్మ ముందు నిలబడ్డాను. నాయన మంచం మీద కూర్చుని నా పెదవుల వంకే చూస్తున్నాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడిస్తున్నాడు. "నాయనకు ఇనపడదమ్మా" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు. బస్టాండులో జరిగిందంతా నేను ఏడుస్తూ చెబుతున్నంతసేపూ తెరవలేదు. అమ్మ అన్నీ విని, వెళ్ళి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, కళ్ళు తెరిచేదాకా అలాగే కూర్చుంది. "ఇంగ నువ్వు యాడికి పోయినా నేనూ వస్తా. ఇది బిడ్డ మీద ఎయ్యొద్దు" అంది. పని మానమని మాత్రం అనలేదు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను ఆ సాయంత్రం నిద్రపోయిన నిద్ర అంతకుముందు కొన్ని నెలలుగా ఎరగను.

ఆ షెడ్డు ఇప్పుడు ఉల్లిపాయల గోడౌను. ఆ వీధిలో చాలా మగ్గాలు పాత ఇనుము కింద పోయాయి. పిల్లలు పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడతారు. వాళ్ళ మాటలు నాయనకు అందవు. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే, అంతా మగ్గాల చప్పుడులాగే ఉందని రెండో రోజే తీసేశాడు. పోయిన వారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయట, ఆపరేషను చేయాలట. ఎగిరే నాడెల మధ్య బతుకంతా గడిపినా, తనకు ఫలానాది భయమని ఆయన చెప్పగా నేను వినలేదు. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"రెండు కండ్లకీ ఒక్కతూరే కట్టు కడతారా?"

"లేదు నాయనా. ఒగటి బాగయినంక ఇంగొగటి."

ఆయన నా మూతి వంక చాలాసేపు చూశాడు. "దగ్గరకొచ్చి ఇంగోతూరి సెప్పు పాపా, నువ్వు మసగ్గా కనపడతా ఉండావు" అన్నాడు. నేను లైటు వేసి, ఆయనకు ఎదురుగా వంగి, మళ్ళీ చెప్పాను.