వెనక ముడి

అశోక్‌నగర్‌లో నేను పోటీ పరీక్షలకు చదివిన హాస్టల్ వార్డెన్‌కు ఒక అలవాటుండేది. గేటు దాటే ప్రతివాడినీ ఆపి, బ్యాగు పట్టీలు లాగి చూసి, భుజం మీద చరిచి పంపేవాడు. ఒకప్పుడు వరదల్లో చిక్కినవాళ్లను కాపాడడానికి పారాచూట్‌తో దూకేవాణ్ణని చెప్పేవాడు. నేను నమ్మలేదు. డాబా మీద పిట్టగోడకు ఆమడ దూరంలో ఆగిపోయే మనిషి విమానంలోంచి దూకాడా? ఆ తడమడం మాయమవుతున్న హాస్టల్ చెంచాల కోసమేనని నా అనుమానం. నా బ్యాగులో నిజంగానే ఒకటుండేది.

ఒక మధ్యాహ్నం, గాలికి ఎగిరిన చొక్కా కోసం నా రూమ్మేట్ డాబా మీంచి మూడో అంతస్తు సజ్జ మీదికి దిగాడు. తిరిగి ఎక్కలేక పైపు పట్టుకుని అరుస్తున్నాడు. సజ్జ పెచ్చులూడుతోంది. వార్డెన్ తాడు తెచ్చి ఒక కొస స్తంభానికి కట్టాడు. రెండోది తన నడుముకు చుట్టి, వెనక ముడేసి, నావైపు వీపు తిప్పాడు.

"తమ్మీ, ముడి జర గుంజి చూడు."

"మీరే కట్టుకున్నరు గద సార్!"

"గందుకే. దూకెటోని ముడి ఇంకొకడు చూడాలె. నువ్వు నన్ను ఎట్లాగూ నమ్మవు, మంచిగ చూస్తవ్."

ఉన్న అనుమానమంతా కూడగట్టి మూడుసార్లు లాగాను. మూడోసారికి ముడి జారింది.

ఆయన మళ్లీ కట్టాడు. ఈసారి నిలిచింది. భుజం మీద చరిచాను. దిగి, రూమ్మేట్‌ను పైకి ఎక్కించాడు.

ఆయన విమానంలోంచి దూకాడో లేదో నాకిప్పటికీ అనుమానమే. చెంచా మాత్రం ఆ సాయంత్రమే వంటింట్లో పెట్టేశాను.