నలగని నిమ్మకాయ

ఆళ్లగడ్డలో ఒక పెద్దాయన దగ్గర ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉండేది. ఇద్దరికే చోటు, పైన టాపు లేదు. ఎప్పుడో బెంగళూరులో ఒక దొర దగ్గర కొన్నాడట. ఆ కారుకు శకునం మంచిది కాదని నంద్యాలలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఎనభైల మొదట్లో మా బావ ఆ కారు మీద మనసు పడ్డాడు. నేను నంద్యాలలో ట్రాక్టర్ల షెడ్డులో పనిచేసేవాణ్ణి కాబట్టి, చూసి చెప్పమని వెంటబెట్టుకుపోయాడు.

ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. స్టార్టింగులో ఉన్న లోపం దాచడానికి మేం వచ్చేలోగా వేడెక్కించి పెట్టలేదన్నమాట. గోనెపట్ట పరుచుకుని కిందికి దూరి, ఛాసిస్ అంతా స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని మడ్‌గార్డుల పొడుగునా జరిపాను. తుప్పు తిన్న చోట లప్పం పూసి రంగు కొట్టి ఉంటే అది పట్టుకోదు. ఇక్కడ ఒక్కచోట కూడా జారలేదు.

"ఏందిరా, కింద నిద్రపోతాండావా?" అన్నాడు బావ.

"బండి బంగారం బావా!"

బేరం అక్కడికక్కడే కుదిరింది. కొన్న బండి ఇంటికి బయల్దేరే ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించడం మా వైపు ఆనవాయితీ. కాయలు బావ ఇంటినుంచే సంచిలో వేసుకొచ్చాడు. "పెట్టురా" అని తను సీట్లో కూర్చున్నాడు. పెట్టాను. కారు కదిలింది. మూడు నలిగాయి. వెనక కుడిచక్రం దగ్గరిది మాత్రం చెక్కుచెదరలేదు.

బావ ముఖం మాడిపోయింది. "ఇది నా యోగంలో లేదప్పా" అని దిగిపోయాడు. పెద్దాయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ కాయను నేనే తొందరలో బెత్తెడు పక్కకు పెట్టాను. అప్పుడే చెప్పుంటే అయిపోయేది. పదిమందిలో బావ తిడతాడని నోరు మెదపలేదు. బావ ఊరంతా చెప్పడంతో, తర్వాత ఆ కారు చూడ్డానికి నంద్యాల నుంచి ఎవరూ పోలేదు. ఒక మనిషి బేరం చెడగొట్టానే అన్న బరువు నన్ను వదల్లేదు.

కొన్నేళ్లకు పనిమీద ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆయన ఇంటికి వెళ్లాను. పశువుల కొట్టం పక్కన కారు మెరుస్తూ ఉంది.

"ఆ పొద్దు కాయ నేనే వంకరగా పెట్టినా అన్నా. నీ బండికి చెడ్డపేరొచ్చె."

"నువ్వు పెడతాంటే చూసినాలే."

"చూసి గమ్మునుండావా?"

"మరేందప్పా! ఇద్దరు పట్టే బండి ఎందుకు, అమ్మెయ్ అమ్మెయ్ అని మా ఇంటామె ఒకటే పోరు. పడలేక అమ్ముతానంటి. మీరు పోయినంక, బండికి ఈ ఇల్లిడిసి పోను ఇష్టంలేదు, నిమ్మకాయే చెప్పిందని ఆమెతో అంటి. ఆ పొద్దు నుంచి ఆమె అమ్మే మాటే ఎత్తల్యా. నువ్వు యాడ నోరు తెరుస్తావో అని నాకే దడ!"

ఇన్నేళ్లూ గుండెల మీదున్నది దిగిపోయి నాకూ నవ్వాగలేదు. ఆయన తాళం తీసుకుని "రా, అహోబిలం దారెంబడి కొంచెం దూరం పోయొద్దాం" అన్నాడు. టాపు లేని కారులో ఎదురుగాలికి కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, బండి బంగారమని ఆరోజు నేనన్నది నిజమేనని ఇంజను చప్పుడు విన్నాక ఇంకోసారి నమ్మకం కుదిరింది.

బావకు మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తిడతాడు. తిట్టనీ.