రాకెట్ పేరుకు రెండు పుట్టుకలు

మా తోడల్లుడికి ఒకే ఒక్క జబ్బు. ఆయన చెవిన ఏ మాట పడినా, అదెక్కడ పుట్టిందో చెప్పందే అన్నం సహించదు. తెలిసి చెబితే జబ్బని ఎందుకంటాను? ఆయనకు ఏమీ తెలియదు. అప్పటికప్పుడు అల్లేస్తాడు.

తలుపులూ టేబుళ్లూ చేసే ఒకే కార్ఖానాలో ఇద్దరం పనిచేసేవాళ్లం. ఆయన మేస్త్రీ, నేను కొలతలు చూసేవాణ్ణి. అందరూ ఆయన్ని నిఘంటువు అనేవాళ్లు.

ఒకరోజు రంపం నడిపే అతను, "సాయం వస్తానన్న మా బావమరిది నిన్న హ్యాండిచ్చాడు" అని నోరు జారాడు. మా తోడల్లుడు చిత్రిక పక్కన పెట్టాడు.

"హ్యాండివ్వడం ఎలా వచ్చిందో తెలుసా? పూర్వం ఓ శిల్పి, పెద్దమనిషి ఒకాయనకి విగ్రహం చేస్తానని మాటిచ్చాడు. ఏడాదైనా ఉలి పట్టలేదు. రేపు ఆవిష్కరణ అనగా కూర్చుని ఒక్క చెయ్యి చెక్కాడు. దాన్ని ఆయన చేతిలో పెట్టి మాయమైపోయాడు."

"అదేంటన్నయ్యా, పోయిన నెల బావిలో పడ్డవాడి కథ చెప్పావు కదా? పైనున్నవాడు చెయ్యిచ్చి, సగం దూరం లాగి వదిలేశాడని?" అన్నాను.

"అదీ నిజమే."

"రెండూ ఎలా నిజమవుతాయి?"

"నీకు పెద్దమ్మ ఉంది, పిన్నీ ఉంది. ఇద్దరూ నిజం కారా?"

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? నేను వాదించేవాణ్ణి. అంగుళం తేడా వస్తే నిద్రపట్టని మనిషిని. ఆయన కథ ఎత్తుకున్నప్పుడల్లా తప్పు పట్టడం నా డ్యూటీగా పెట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం ఎప్పుడూ వాళ్ల బావగారి పక్షమే. "ఆయన అబద్ధం చెప్పినా వినబుద్ధేస్తుంది. మీరు నిజం చెబితే ఆవలింతలొస్తాయి" అనేది.

ఓసారి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రక్తపోటు చూసిన డాక్టరు, "ఇలాగే ఉప్పు తింటే తొందర్లోనే టపా కట్టేస్తారు" అని బెదిరించాడు.

"టపా కట్టడం ఎలా వచ్చిందో తెలుసాండీ?" అంటూ మావాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. చేతికి బీపీ పట్టీ అలాగే ఉంది. బయట బెంచీ మీద రోగులు దగ్గుతున్నారు. కథ ఎంతకీ తెమలదు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే డాక్టరేమో కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఊఁ, తర్వాత?" అంటున్నాడు. ఉప్పు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇక రాకెట్ సంగతి. మా పాలిష్ విభాగంలో ఓ భారీ మనిషి ఉండేవాడు. నడవమంటే నిలబడతాడు, నిలబడమంటే కూర్చుంటాడు. ఆయన్ని రాకెట్ అనేవాళ్లు. ఎందుకంటే, ఒకసారి రంపం మోటారు కాలి పొగ వచ్చింది. ఏమైందో మేం చూసేలోపే ఆయన పాలిష్ ఆరని టేబుల్ మీదుగా దూకి, ఎదురొచ్చిన మేనేజరుగారిని పక్కకు తోసి, వీధి చివర తేలాడు. సాయంత్రానికల్లా పేరు పడిపోయింది. టేబుల్ మీద పాదం ముద్ర మాత్రం ఎంత రుద్దినా పోలేదు. ఎవరు కొంటారు? మేమే భోజనాల గదిలో వేసుకున్నాం.

కొన్నేళ్లకు ఆయన కూతురు మా ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. నాన్నంటే ప్రాణం ఆ పిల్లకి. మొదటిరోజు మాతో భోజనానికి కూర్చుని, ఎవరో "రాకెట్, కాస్త జరుగు" అనడం విన్నది.

"మావయ్యా, మా నాన్నని రాకెట్ అంటారేంటి? అడిగితే నాన్న చెప్పట్లేదు" అని మా తోడల్లుణ్ణి అడిగింది.

రాకెట్ మొహం క్యారేజీలోకి దూర్చేశాడు, చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. రంపం అతను నవ్వాపుకోవడానికి గడగడా నీళ్లు తాగుతున్నాడు. ఎవరు ఒక్క మాట జారినా ఆ తండ్రి ఇక కూతురి ముందు తలెత్తుకోలేడు.

"మంచి మాటడిగావమ్మా," అన్నాడు మా తోడల్లుడు. "ఓసారి ఇక్కడ మోటారు అంటుకుంది. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. కరెంటు తీయాలి, మెయిన్ స్విచ్చేమో బయట గోడకుంది. ఎవరికి తట్టింది? మీ నాన్నకి. చుట్టూ తిరిగెళ్తే ఆలస్యమని ఈ టేబుల్ మీంచే దూకాడు. ఇదిగో ముద్ర."

ఆ పిల్ల ముద్రను వేళ్లతో తడిమింది. ఆ రోజు స్విచ్ తీసిందెవరో గదిలో ఉన్న పాతవాళ్లందరికీ తెలుసు. మా తోడల్లుడే.

"ఏం తమ్ముడూ, నువ్వక్కడే ఉన్నావుగా?" అన్నాడు నాతో.

ఇన్నేళ్లలో ఆయన నన్ను సాక్ష్యం అడగడం అదే మొదలు. రాకెట్ తలెత్తి నావైపు చూశాడు. నాకు జాలేసింది.

"అడ్డమొచ్చారని మేనేజరుగారినే తోసేశాడమ్మా," అన్నాను. "మరి స్విచ్ తీయాలి కదా."

అది మొదలు నాకు మా తోడల్లుడి మీద కోపం పోయింది. ఆలోచిస్తే మా కార్ఖానాలో ఎగతాళి పేరున్న ప్రతివాడికీ ఆయన ఓ మర్యాదైన పుట్టుక కల్పించి పెట్టాడు. నాకూ ఓ పేరుంది. దాని అసలు సంగతి మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం టీ గిన్నె మాడి షెడ్డంతా పొగ కమ్మింది. మళ్లీ అందరికంటే ముందు పరిగెత్తింది రాకెట్టే. మేం బయటికొచ్చి చూస్తే వీధిలో లేడు. గోడ దగ్గర మెయిన్ స్విచ్ కిందికి లాగేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. సగం కోసిన తలుపు రంపంలో ఇరుక్కుపోయింది.

"గిన్నె మాడితే కరెంటెందుకయ్యా తీశావు?" అని మేనేజరుగారు కేకలేశారు.

రాకెట్ ఆఫీసు కిటికీ వైపు చూశాడు. కూతురు అక్కడే నిలబడి ఉంది.

"పాత అలవాటండీ" అన్నాడు.