మావయ్య నవ్వితే బొమ్మ ఊగేది

పోయిన నెల ఓ పొద్దున్నే విజయనగరం నుంచి అత్త ఫోన్ చేసింది. "మావ ఎల్లిపోనాడే. టీ తాగతా, ఏదో సెప్పి నవ్వతా, అలాగే ఒరిగిపోనాడు" అంది. ఏడ్చాను. ఏడుస్తూనే, నవ్వుతూ పోయాడన్న మాటకి నాకూ నవ్వొచ్చింది. నవ్వకుండా పోయుంటే ఆయన మా మావయ్యే కాదు.

మా అమ్మకు తమ్ముడు. సముద్రం ఒడ్డున భావనపాడులో పుట్టి, సముద్రం మీద బతికేవాళ్ల గురించే డాక్యుమెంటరీలు తీశాడు. బంగ్లాదేశ్, శ్రీలంక, ఇండోనేసియా తిరిగాడు. వెనక కంపెనీ అంటూ ఏదీ లేదు. ఒక కెమెరా, మైకు పట్టుకోడానికి నేను. భాష తెలియని ఊళ్లో దిగితే ముందు కెమెరా బయటికి తీసేవాడు కాదు. వల లాగేవాళ్ల వరసలో చివర నిలబడి తాడు పట్టుకునేవాడు. "అరసెయ్యి కందితే సుట్టరికం కలుస్తాదే" అనేవాడు. ఆయన పుణ్యమా అని నా చేతులు మూడు దేశాల్లో కందాయి.

ఎవరి మీద సినిమా తీస్తే ముందు వాళ్లకే చూపించాలి, తర్వాతే బయటివాళ్లకి. అది ఆయన పట్టు. సొంతూరు భావనపాడు మీద తీసిన సినిమాని ఓ విదేశీ ఫెస్టివల్ వాళ్లు ఎంచుకున్నారు. అంత పెద్ద పిలుపు ఆయనకదే మొదలు. పంపడానికి రెండు రోజులే గడువు. అయినా పొద్దు గూకగానే ఇసకలో రెండు గెడలు పాతి, తెల్లపంచె తెరగా కట్టి సినిమా వేశాడు. పడవని నీళ్లలోకి తోసేచోట, వినడానికి బాగుందని మేం వల లాగేటప్పటి పాట పెట్టాం. చేపలమ్మే పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఒరే, వల లాగిన పాటతో పడవ తోస్తారేట్రా? అది ముందుకెల్తాదా, ఎనక్కొస్తాదా?"

జనం పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా మావయ్యే నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"అక్కడ ఎవులికి తెలుస్తాది మావా? పంపించీ."

"తెలిసినోలు ఇక్కడున్నారు కదే" అన్నాడు.

తెల్లారి పెద్దమ్మని పక్కన నిలబెట్టుకుని పాటా పడవా మళ్లీ తీశాడు. కూర్పు పూర్తయ్యేసరికి గడువు దాటిపోయింది. వారం రోజులు ఆయనతో నేను మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆ సినిమాని ఇంకో దేశం వాళ్లు పిలిచారు. అక్కడొకాయన, పడవ తోసేచోట తెర మీద బొమ్మ ఎందుకు ఊగిందని అడిగాడు. "పెద్దమ్మ పక్కన నిలబడి తిడతన్నాది. నవ్వొచ్చీసి కెమెరా ఊగీసింది" అన్నాడు మావయ్య. నేను ఇంగ్లీషులో చెప్పాను. హాలు హాలంతా నవ్వింది. అప్పుడు నా కోపం పోయింది.

మావయ్య పోయిన పదో రోజు సాయంత్రం భావనపాడు ఇసకలో మళ్లీ పంచె తెర కట్టి ఆ సినిమా వేశాం. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. తెర మీద పడవ కదిలింది. బొమ్మ ఊగింది.

"అదిగో, ఆడు నవ్వుతన్నాడు" అంది పెద్దమ్మ.

ఇసకలో కూర్చున్నవాళ్లంతా పడవ తోసే పాట అందుకున్నారు. పడవ ఊగుతూ ఊగుతూ అలల్లోకి దిగేదాకా ఎవరూ ఆపలేదు.