తిట్లు కొట్టేసిన టైపిస్టు

ప్రపంచకప్ కోసం దోహా అంతా తవ్వేస్తున్న రోజులు. కొత్త ఐడీ కార్డు ఇచ్చినా, ఇవ్వలేదంటూ బ్యాంకు నా ఖాతా ఆపేసింది. దాంతో ఇంటద్దె చెక్కు తిరిగొచ్చింది. అక్కడ అది పోలీసు కేసు. ఇంటి యజమాని వారం గడువిచ్చాడు.

బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు కరీంనగర్ వాడు. నేను రాసుకెళ్లిన నాలుగు పేజీల ఫిర్యాదూ చదువుతూ, తిట్లన్నీ పెన్సిల్‌తో కొట్టేయసాగాడు.

“బ్యాంకు మేనేజరు నన్ను కూర్చోమనలేదన్నది మాత్రం ఉంచండి,” అన్నాను.

“గది మనసుల పెట్టుకో అన్నా. కార్డు ఎన్నడిచ్చినవ్? రసీదున్నదా? సార్లు గదే చూస్తరు.”

మిగిలిన మూడు వాక్యాలే టైపు చేశాడు. ఐదో రోజు ఖాతా తెరుచుకుంది, కేసు తప్పింది. మేనేజరును నేనింకా క్షమించలేదు.

ఎందరికో ఫిర్యాదులు రాశాను. కొట్టేయడానికైనా నా ప్రతి మాటా చదివినవాడు అతనొక్కడే.