బిస్కెట్ డబ్బా వైద్యం

ఆ ఏడు బోనాలకు పదిహేను మంది చుట్టాలు నాటుకోడి పులుసు తిందామని మా ఇంటికొచ్చి, గుమ్మడికాయ కూర తిని వెళ్లారు. ఆ ఘోరానికి కారకుణ్ని నేనే. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా అమ్మ ముందు మాత్రం ఆ మాట ఎత్తకండి.

లాల్‌దర్వాజాలో మా డాబా మీద అమ్మ కోళ్లు పెంచేది. వాటికి వైద్యుణ్ని నేను. నా దవాఖానా ఒక బిస్కెట్ డబ్బా. ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గినా, పంటినొప్పి తగ్గినా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు అందులో పడేవి. కోడి తుమ్మిందంటే సగం మాత్ర నూరి నీళ్లలో కలిపేవాణ్ని. రెండో రోజు అది లేచి తిరిగితే మందు బంద్! మిగతాది ఇంకో కోడికి. దుబారా నాకు పడదు మరి. గల్లీలో నన్ను ‘డాక్టర్ సాబ్’ అంటుంటే, నిజం చెప్పొద్దూ, కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఏడాది ఇలా వెలగబెట్టాక, బోనాలు పది రోజులున్నాయనగా అమ్మ మొక్కుకున్న పుంజు ముక్కు కారుతూ మూల కూర్చుంది. మోకాళ్ల నొప్పి తగ్గితే ఇంట్లో పెంచిన పుంజునే ఇస్తానని మొక్కు.

“అమ్మవారికి మాటిచ్చిన, కొడుకా! దీనికేమన్నయితే గుడికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె?” అమ్మ కళ్లలో నీళ్లు.

“ఫికర్ చెయ్యకే. నేనున్న గద!”

“నువ్వున్నవనే నా ఫికర్.”

తెల్ల మాత్ర వేశాను. లేవలేదు. పచ్చది వేశాను. ఊహూఁ. గులాబీరంగుది వేస్తే ఒక కన్ను తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకుంది. ఇక పుంజును గంపలో పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని పశువుల దవాఖానాకు ఉరికాను. డాక్టరమ్మ పుంజు గొంతులోని తెమడ తీసి పరీక్షకు పంపింది. మూడో రోజు రిపోర్టు చూసి నోరు తెరిచింది.

“అన్నా, దీన్లున్న క్రిములు ఒక్కటి తప్ప ఏ మందుకూ సస్తలెవ్వు! కోళ్లకు ఏమేం ఏసిన్రు?”

కొంచెం గర్వంగానే వరసబెట్టి చెప్పాను.

“ఒక్కటన్న పూర్తిగ వాడిన్రా?”

“లేదు మేడం. లేచి తిరగంగనే బంద్ చేసిన.”

“అట్ల సగం మందుకు సావని క్రిములే మిగిలి, పిల్లలు పెట్టి, కోళ్లన్నిట్ల నిండినయ్. మీరు చేసింది వైద్యం కాదన్నా. క్రిములకు తాలీంఖానా తెరిచి, కసరత్తు చేపించి, పహిల్వాన్లను చేసిన్రు!”

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు వద్దులెండి.

“ఇగ ఆ ఒక్క మందే మిగిలింది. ఐదు దినాలు తప్పకుండ ఎయ్యాలె. ఆపినంక పదిహేను దినాలు కొయ్యొద్దు, కూరలకు మందొస్తది” అంది డాక్టరమ్మ.

అమ్మ వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. “బోనాలు వారమే ఉన్నయ్ గద బిడ్డా!”

ఏం చేస్తాం? మిగతా కోళ్లలోనూ ఆ క్రిములే, కొన్న కోడి మొక్కుకు చెల్లదు. అమ్మవారి ముందు గుమ్మడికాయ కొట్టి, “నా కొడుకు తెలివి నీకెర్కే గద తల్లీ, మాఫ్ చెయ్యి” అని దండం పెట్టింది అమ్మ. భోజనాల దగ్గర చుట్టాలు “డాక్టర్ సాబ్, ఇంకింత గుమ్మడికాయ ఎయ్యున్రి!” అని కడుపుబ్బ నవ్వారు. సావు తప్పించుకున్న జీవిని ఇక ముట్టేది లేదని అమ్మ తేల్చేయడంతో, ఐదు రోజుల మందుతో కోలుకున్న పుంజు ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున నా కిటికీ దగ్గరే కూస్తుంది.

అందుకే ఆ పుంజు సాక్షిగా ఒట్టేశాను: మాత్రలు సగంలో ఆపను, మిగిలినవి దాచను, తుమ్మిన ఏ ప్రాణికీ నా అంతట నేను మందు వేయను.

మొన్న నేనే రెండుసార్లు తుమ్మాను. అమ్మ వెంటనే పుంజును దవాఖానాకు తీసుకెళ్లిన గంప తెచ్చి నా మంచం పక్కన పెట్టింది.