తలుపవతలి గొంతు

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి ముందర లిఫ్టాయన, నోరు మూతపడదు కాబట్టి వెనకాల వాగుడుకాయ. ఈ మనిషి నిద్రలో కూడా ఎదుటివాడికి మాట్లాడే అవకాశమివ్వడని భార్య నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. నవ్వేవాళ్లను నవ్వనీ. లిఫ్టు మధ్యలో ఆగి లోపల మనిషి ఉన్నాడంటే చాలు, ఆయన పనిముట్ల సంచి తెరవకముందే నోరు తెరుస్తాడు. కూరగాయల ధర దగ్గర్నుంచి తన మోకాలి నొప్పి దాకా ఏకరువు పెడతాడు.

ఆ అలవాటు ఉత్తినే రాలేదు. చిన్నప్పుడు తండ్రి కాపలా కాసే గోదాములో సరుకుల లిఫ్టెక్కి ఆడుకుంటుంటే కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, తలుపవతల ఎవరో మనిషి చతికిలబడ్డ చప్పుడైంది. ఆ మనిషి తలుపు పగలగొట్టలేదు, ఘనకార్యమేదీ చేయలేదు. కూర్చుని మాట్లాడాడంతే. చెప్పు తెగిన సంగతి, తన పిల్లి పోయి పోయి ఎదురింట్లో పిల్లల్ని పెట్టిన సంగతి. కరెంటొచ్చి తలుపు తెరిచేసరికి, తన లారీ కదులుతోందని వెళ్లిపోయాడట. మొహం చూడనేలేదు. తొణకని బెణకని ఆ గొంతు మాత్రం లిఫ్టాయన చెవిలో ఉండిపోయింది. ఆయన దిగులల్లా ఒకటే, ఆ నిబ్బరం తనకు అబ్బలేదని. ఎవరైనా ఇరుక్కున్నారని కబురొస్తే ఈ వయసులోనూ చేతులు వణుకుతాయి. ఎవరి కంటా పడకుండా సంచి పట్టీని గట్టిగా బిగించి పట్టుకుంటాడు.

మొన్న అలాంటి కబురే వచ్చింది. ఐదంతస్తుల మేడలో, నాలుగుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి, ఒక్కతే.

ఆయన రొప్పుతూ నాలుగో అంతస్తుకు చేరేసరికే జరగకూడనిది జరిగిపోయింది. పుణ్యం కట్టుకుందామని ఎవరో మహానుభావుడు ఇనుప చువ్వతో అక్కడి తలుపు పెకలించాడు. లిఫ్టు అడుగు ఛాతీ ఎత్తున నిలిచి ఉంది, దాని కింద కిందిదాకా గొయ్యి. ఊపిరాడటం లేదంటూ ఆ అమ్మాయి బోర్లా పడుకుని అప్పటికే రెండు కాళ్లూ బయటికి వేలాడేసింది. దూకెయ్యమని ఒకడు, దూకొద్దని ఒకావిడ, తలో మాట. దూకితే కాలు జారి గొయ్యిలో పడుతుంది. ఆయన మేడ మీది మోటారు గదికి పోయి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పితే లిఫ్టు పైకి కదులుతుంది. అప్పుడు కాళ్లు బయటే ఉంటే గుమ్మం పైఅంచుకు తగిలి నలిగిపోతాయి. పైనుంచి ఆయనకు ఇదేమీ కనబడదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అదే.

జనాన్ని కసిరి కిందికి తరిమాడు. మిగిలింది గ్యాసు సిలిండర్లు మోసే మనిషి ఒక్కడే. మెట్టు మీద కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు. అంతమందిలో సలహా ఇవ్వనిది అతనే.

"నువ్వు ఇక్కడే ఉండి ఆ పిల్లతో మాట్లాడుతూ ఉండు. కాళ్లు లోపలికి తీసుకుంటేనే నాకు చెప్పు. తప్పు చెప్పావో, కాళ్లు పోతాయి."

"నాకు మాట్లాడటం రాదన్నా."

"వచ్చిందే మాట్లాడు."

అతని నంబరు అడిగి ఫోను కలిపి, ఆ ఫోను అలాగే చొక్కా జేబులో వేసుకుని పైకి పరుగెత్తాడు. మోటారు గదిలో మెయిను ఆపి, చక్రం మీద ఒక చెయ్యి, బ్రేకు మీద ఒక చెయ్యి వేసి నిలబడ్డాడు. జేబులోంచి ఆ అమ్మాయి ఎగశ్వాస తప్ప ఏమీ వినబడలేదు. వీడు నోరు విప్పడేం, చచ్చాం అనుకున్నాడు. అప్పుడు నెమ్మదిగా ఒక గొంతు మొదలైంది.

"అమ్మా, నేను సిలిండర్లు మోస్తాను. నాకు మాటలు పెద్దగా రావు. మీరు కాళ్లు లోపలికి తీసుకుంటే నేర్చుకుంటాను."

తర్వాత కుక్క కథ ఎత్తుకున్నాడు. ఒకరింట్లో కుక్క తనను లోపలికి రానిస్తుందట, బయటికి పోనివ్వదట. ఒకసారి ఇంటావిడ కునుకు తీస్తే వంటింట్లోనే ఉండిపోయాడట. ఊరికే కూర్చోవడమెందుకని అక్కడున్న వెల్లుల్లి వలిచాడట. అమ్మాయి ఊపిరి కొంచెం కుదుటపడింది. "తీసుకున్నారన్నా," అని వినబడగానే లిఫ్టాయన బ్రేకు వదిలాడు.

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపింది. ఫోనులో కేక. భయంతో ఆ పిల్ల మళ్లీ కాళ్లు బయట పెట్టేసింది. "ఆపన్నా," అన్నాడు సిలిండర్ల మనిషి. ఆయన బ్రేకు పట్టేశాడు. నలిగాయా, నలగలేదా? జేబుకేసి తల వంచి చెవి రిక్కించాడు.

అవతలి గొంతు మాత్రం ఇసుమంతైనా మారలేదు. "ఏం కాలేదమ్మా. వెల్లుల్లి సంగతి ఇంకా పూర్తి కాలేదు. మూలకు జరిగి గోడకు వీపు ఆనించి కూర్చోండి, చెబుతాను. కుదుపొస్తుంది, రానివ్వండి. నేనెక్కడికీ పోను."

ఇంటావిడ లేచి, వెల్లుల్లి చూసి, రోజూ వచ్చి పొమ్మందట. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "కాళ్లు లోపలే ఉన్నాయన్నా," అని వినబడ్డాక, ఆ నవ్వు వింటూ లిఫ్టాయన మళ్లీ బ్రేకు వదిలి చక్రం తిప్పాడు. లిఫ్టు ఐదో అంతస్తుకు చేరింది. ఆయన దిగొచ్చి తలుపు తీస్తే ఆమె బయటికొస్తూనే, కింద మాట్లాడినాయన ఎవరని అడిగింది.

ఆ సంగతి చెబుదామని ఆయన నాలుగో అంతస్తుకు దిగాడు. సిలిండర్ల మనిషి ఆ మెట్టు మీదే ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని వణికిపోతున్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"ఎంత నిబ్బరంగా మాట్లాడావయ్యా!"

"ఎక్కడి నిబ్బరం అన్నా. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్లకు తెలిసిపోతుందని గొంతు ఒక్కటీ బిగబట్టుకున్నా."

ఆనాడు గోదాములో తలుపవతల కూర్చున్న మనిషికి కూడా చేతులుంటాయని, అవి కూడా ఇలాగే వణికి ఉంటాయని లిఫ్టాయనకు ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుని, సంచి కింద పెట్టి, తన చేతులు ముందుకు చాపి చూపించాడు.

"నాకూ ఇంతే తమ్ముడూ, ప్రతిసారీ," అన్నాడు. "మా ఆవిడక్కూడా చెప్పలేదు."

వణుకు తగ్గేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.